ఇస్మాయిల్ గారు 'నో' అన్న రోజు

2022 జూన్ నెలాఖరు. విజయవాడ గవర్నర్‌పేటలో ఒక టిఫిన్ హోటల్ పైన, మేడ మీది గదిలో నా స్పోకెన్ ఇంగ్లీష్ క్లాసు. కింద పెనం మీద నీళ్ళు చల్లిన చప్పుడు పైకి వినిపిస్తూనే ఉంటుంది. సాయంత్రం బ్యాచ్ వాళ్ళకి సగం ధ్యాస నా బోర్డు మీద, మిగతా సగం ఆ పెనం మీద. కరోనా రెండేళ్ళూ ఫోన్‌లో పాఠాలు చెప్పి చెప్పి విసిగిపోయి, అప్పుడే మళ్ళీ బోర్డు తుడిచి కుర్చీలు వేయించాను. ఆషాఢం రాబోతోంది, ఊళ్ళో బట్టల కొట్లన్నీ డిస్కౌంటు బ్యానర్లు కట్టుకుంటున్నాయి.

ఇంగ్లీషు నేర్పడమంటే గ్రామర్ నేర్పడమే అనుకుంటారు చాలామంది. నా అనుభవంలో గ్రామర్ కన్నా ఎక్కువ ఇబ్బంది పెట్టేవి మేం 'వర్డ్ పెయిర్స్' అని పిలుచుకునే జంట పదాలు. మనకి తెలుగులో ఒక్క మాటతో పని జరిగిపోయే చోట ఇంగ్లీషువాడు రెండు మూడు మాటలు పెట్టుకున్నాడు. మనం 'చూడటం' అంటాం. వాడికి కంటబడితే సీ, కావాలని చూస్తే లుక్, క్రికెట్ మ్యాచ్ ముందు కూర్చుని చూస్తుంటే వాచ్. మనం పెన్ను 'ఒకసారి ఇవ్వండి' అని అడిగి తీసుకుంటే బారో, అవతలివాళ్ళు ఇస్తే లెండ్. నా దగ్గరికొచ్చే వాళ్ళలో నూటికి తొంభై మంది "మేడమ్, కెన్ యూ బారో మీ యువర్ పెన్" అని అడిగేవాళ్ళే. మొదటి వారం నవ్వుతాను, రెండో వారం కోప్పడతాను. నాకు ఓపిక తక్కువ. ఈ వృత్తికి అది పనికిరాని గుణమని తెలుసు గానీ, పుట్టుకతో వచ్చినదాన్ని ఏం చేస్తాం.

ఆ నెలాఖరులో ఒక సాయంత్రం, క్లాసు మొదలయ్యాక, గుమ్మం దగ్గర ఒకాయన నిలబడ్డాడు. యాభై దాటిన మనిషి. ఇస్త్రీ చేసిన తెల్ల చొక్కా, నెరిసిన గడ్డం, తీర్చి దువ్విన జుట్టు. పిల్లల్ని చేర్పించడానికి వచ్చిన తండ్రి అనుకున్నాను.

"పాపని చేర్పించాలా అండీ?" అని అడిగాను.

"నేనేనండి మేడమ్," అన్నాడాయన చెప్పులు విప్పుతూ. "నన్నే చేర్చుకోవాలి."

క్లాసంతా వెనక్కి తిరిగి చూసింది. ఆయన ఏమాత్రం సిగ్గుపడలేదు. ముందు వరసలో నర్సింగ్ పూర్తిచేసిన స్రవంతి అనే అమ్మాయి పక్కన కుర్చీ ఖాళీగా ఉంటే, "కూర్చోమంటారా అమ్మా?" అని ఆ పిల్లనే అడిగి కూర్చున్నాడు. 

ఆయన పేరు ఇస్మాయిల్. వన్‌టౌన్‌లో ఒక పాత చీరల కొట్లో సేల్స్‌మన్. మీసాలు రాని వయసులో చేరి, అదే గద్దె మీద, అంటే కస్టమర్ల ముందు చీరలు పరిచే ఆ తెల్ల పరుపు మీద, జీవితమంతా గడిపాడు. ఇప్పుడు కొట్టు యజమాని పెద్దవాడయ్యాడు. ఆయన కూతురు సింధు వ్యాపారం చేతిలోకి తీసుకుని, శ్రావణంలో బందరు రోడ్డు వైపు పెద్ద షోరూమ్ తెరుస్తోంది. పాత కొట్టు మూసేస్తారు. ఉద్యోగాలు ఎవరివీ పోవు, జీతాలూ తగ్గవు. కానీ ఇంగ్లీషులో మాట్లాడగలిగినవాళ్ళు కౌంటర్ మీద ఉంటారు, మాట్లాడలేనివాళ్ళు గోడౌన్‌లో సరుకు దించుకోవడానికి వెళ్తారు.

"జీతం తగ్గదు కదండీ, మరి ఈ వయసులో ఈ తంటా ఎందుకు?" అని అడిగాను క్లాసయ్యాక.

"గోడౌన్‌లో చీరలుంటాయి మేడమ్, మనుషులుండరు," అన్నాడు.

తర్వాత మెల్లగా చెప్పాడు. "హిందీ వాళ్ళొస్తే నాకు ఇబ్బంది లేదు, ఉర్దూలో నెగ్గుకొస్తాను. ఇబ్రహీంపట్నం పవర్ స్టేషన్ ఇంజనీర్ల ఇళ్ళవాళ్ళు ఎక్కడెక్కడివాళ్ళో వస్తారు, వాళ్ళతోనూ పర్వాలేదు. మన తెలుగు పిల్లలే మేడమ్, వాళ్ళతోనే వస్తోంది చిక్కు. మైలవరం నుంచి వచ్చిన అమ్మాయి కూడా ఇంగ్లీషులో అడుగుతోంది. నేను తెలుగులో జవాబు చెప్తే పక్క కౌంటర్ వైపు చూస్తోంది. వాళ్ళమ్మ పెళ్ళి చీర నేనే అమ్మి ఉంటాను."

సింధు ఇంకో మాట కూడా చెప్పిందట. ఆషాఢం అయ్యేలోగా ఒక్కో సేల్స్‌మన్ దగ్గరికీ ఒక 'మిస్టరీ షాపర్' వస్తుంది. అంటే కస్టమర్‌లా వచ్చి పరీక్ష చేసిపోయే మనిషి. ఎవరో, ఎప్పుడొస్తారో ముందుగా చెప్పరు. అడిగినదానికి సూటిగా అవునో కాదో జవాబు రావాలి, నీళ్ళు నమలకూడదు. అది తేలాకే ఎవరు ఎక్కడన్నది తేలుతుంది. నెల రోజులు కూడా లేదు. నాకు నమ్మకం లేకపోయినా చేర్చుకున్నాను.

చేర్చుకున్న వారం రోజులకే నా అపనమ్మకం కరిగిపోయింది. ఆయన ఇంగ్లీషుని ఇంగ్లీషులా నేర్చుకోలేదు, చీరల మీద పెట్టి నేర్చుకున్నాడు. నేను ఫిట్, సూట్, మ్యాచ్ అనే మూడు మాటలకి తేడా చెప్పడానికి బోర్డు మీద బొమ్మలు గీస్తుంటే, ఆయన నా వెనక నుంచి మెల్లగా అన్నాడు.

"బ్లౌజు ఒంటికి సరిపోతే ఫిట్. రంగు మనిషికి నప్పితే సూట్. బ్లౌజు చీరకి కలిస్తే మ్యాచ్. అంతేనా మేడమ్?"

అంతే. అంతకన్నా బాగా నేనూ చెప్పలేను. బై, టిల్ అనే రెండింటి దగ్గర మా పిల్లలంతా ఏళ్ళ తరబడి పడుతూ లేస్తూ ఉంటారు. దానికీ ఆయన దగ్గర దారి ఉంది. ఫాల్ కుట్టి శుక్రవారానికి ఇస్తామంటే బై ఫ్రైడే. ఆషాఢం ఆఫర్ శుక్రవారం వరకు ఉంటుందంటే టిల్ ఫ్రైడే. లోపలి నుంచి చీర తెచ్చి చూపిస్తే బ్రింగ్, అదే చీర కస్టమర్ ఇంటికి పట్టుకెళ్తే టేక్. చెట్టు కింద నిలబడే నీడ షేడ్, రంగులో తేడా కూడా షేడే, గోడ మీద పడే మన నీడ మాత్రం షాడో. మా స్రవంతి ఇవన్నీ ఫోన్‌లో రాసుకునేది. "అంకుల్, మీరు చెప్తే గుర్తుంటోంది, మేడమ్ చెప్తే భయమేస్తోంది" అని నా ముందే అనేది.

అన్నీ నల్లేరు మీద నడకేం కాదు. చీరని 'టై' చేస్తారనడం మాన్పించడానికి నా గొంతు పోయింది. మనం చీర కట్టుకుంటాం కాబట్టి ఆయన ఇంగ్లీషులో కూడా కట్టించేవాడు. "వేర్ అనండి, వేర్" అంటే, "చొక్కా వేసుకోవడానికీ చీర కట్టుకోవడానికీ ఒకటే మాటా మేడమ్? పాపం, వాళ్ళకి చీర లేదు కదా" అని జాలిపడేవాడు. ఇంకో బాధ, 'అమ్మా' అన్న మాటకి ఇంగ్లీషు కావాలి ఆయనకి.

"మేడమ్ అనండి."

"మేడమ్ అంటే దూరంగా ఉంటుందండి."

"నన్ను రోజూ మేడమ్ అనే పిలుస్తున్నారుగా."

"మీరు దూరంగానే ఉండాలి మేడమ్, టీచరు కదా," అన్నాడు తడుముకోకుండా.

ఇంట్లో కూడా ప్రాక్టీస్ చేయమని చెప్పాను. మర్నాడు వచ్చి, "ఇంట్లో ఇంగ్లీషు మాట్లాడితే కూర కూడా ఇంగ్లీషులోనే వండుతానంటోంది మా ఆవిడ. ఉప్పూ కారం ఉండవట" అని చెప్పాడు. ఆ నెలలో నా క్లాసుకి ఆలస్యంగా వచ్చినవాళ్ళు లేరు. ఆయన ఏమంటాడో వినడానికే అందరూ ముందొచ్చి కూర్చునేవాళ్ళు. నిజం చెప్పాలంటే నేనూ అందుకే ఎదురుచూసేదాన్ని.

ఆ ఎదురుచూడటం కూడా ఒక పాఠమే. మనకి అదొక్క మాట. ఇంగ్లీషులో బస్సు కోసం నిలబడితే వెయిట్. తప్పక వస్తుందని లెక్క వేసుకుంటే ఎక్స్‌పెక్ట్. వస్తే బాగుండునని మనసులో అనుకుంటే హోప్. ఈ మూడూ చెప్పిన రోజు ఆయన చీరల పోలిక ఏదీ చెప్పలేదు. "ఈ మూడూ వేరేనన్నమాట" అని మాత్రం అన్నాడు.

అసలు గొడవ రోల్ ప్లే దగ్గర వచ్చింది. రోల్ ప్లే అంటే ఒకరు కస్టమర్, ఒకరు కొట్టువాడు, అలా వేషాలు వేసుకుని మాట్లాడటం. కస్టమర్ వేషం స్రవంతిది. ఆ పిల్ల తన చున్నీ తీసి బల్ల మీద పరిచి, అదే చీర అనుకోమంది.

"డూ యూ హావ్ దిస్ ఇన్ గ్రీన్?" అని అడిగింది.

"లుక్ ఎట్ దిస్ వన్, మేడమ్. వెరీ నైస్ బ్లూ," అన్నాడు ఇస్మాయిల్ గారు.

నేను ఆపాను. "ఆ అమ్మాయి అడిగింది పచ్చ. ఉందా లేదా చెప్పాలి. లేకపోతే 'నో మేడమ్, వీ డోన్ట్ హావ్ ఇట్' అనాలి. మళ్ళీ చేద్దాం."

మళ్ళీ చేశాం. పచ్చ అడిగితే నీలం చూపించాడు. మూడోసారి చేస్తే నీలంతో పాటు వంకాయ రంగు కూడా చూపించాడు. చేతిలో ఉన్నదేమో ఒక్క చున్నీ. అందరూ నవ్వుతున్నారు గానీ నాకు ఒళ్ళు మండింది.

"నో అనడం రావట్లేదా మీకు? ఎల్‌కేజీ పిల్లాడికి వస్తుందండీ ఆ మాట."

"వస్తుంది మేడమ్," అన్నాడు నెమ్మదిగా. "గద్దె మీద రాదు."

అప్పుడు చెప్పాడు. ఆయన కొత్తగా చేరినప్పుడు ఆ కొట్లో హెడ్ సేల్స్‌మన్ సుబ్బారావు గారని ఒక పెద్దాయన ఉండేవాడట. మొదటి రోజే కూర్చోబెట్టి చెప్పాడట. గద్దె మీద కూర్చున్నాక నోట్లోంచి 'లేదు' అన్న మాట రాకూడదు, అందులోనూ బోణీ వేళ అసలు రాకూడదు అని. రోజు మొదటి అమ్మకం బోణీ. ఆ వేళకి కొట్లో లేదన్న మాట వినబడితే, ఆ రోజంతా లేమే అని నమ్మకం. సరుకు లేకపోతే 'వస్తోందండి' అనాలి, 'ఈలోగా ఇది చూడండి' అనాలి. 

"మీ ఇళ్ళల్లో మాత్రం బియ్యం అయిపోయాయంటారా మేడమ్? నిండుకున్నాయంటారు. దీపం ఆరిపోయిందంటారా? కొండెక్కిందంటారు. మా కొట్టు కూడా రాత్రికి మూసెయ్యం, కట్టేస్తాం," అన్నాడు.

నిజమే. మా అమ్మ బియ్యం డబ్బా అడుగు కనబడుతున్నా 'నిండుకున్నాయి' అనేది. అయితే ఇంగ్లీషులో అడిగే ఈ కాలపు అమ్మాయికి అది మర్యాదలా అనిపించదు, తప్పించుకోవడంలా అనిపిస్తుంది. పరీక్షలో సూటిగా చెప్పాలని సింధు ముందే చెప్పింది కదా అని గుర్తుచేశాను. పరీక్ష అక్కడే పోతుందని ఆయనకీ తెలుసు. కింద హోటల్లో టీ తాగుతూ నో, నో, నో అని నాతో పాటు పదిసార్లు అన్నాడు, చక్కగా అన్నాడు. పైకొచ్చి చున్నీ చేతికిస్తే మళ్ళీ నీలం. చివరికి నేనే చేతులెత్తేశాను. 

ఆషాఢం సగం అయింది. మా చెల్లెలి కూతురి నిశ్చితార్థం శ్రావణంలో పెట్టుకున్నారు. చీర కొనాలి. రద్దీ మొదలవకముందే వెళ్దామని ఒక రోజు పొద్దున్నే వన్‌టౌన్ వెళ్ళాను. కొట్టు అప్పుడే తెరిచారు. సాంబ్రాణి పొగ ఇంకా పోలేదు. క్యాష్ కౌంటర్ దగ్గర సింధు కూర్చుని కంప్యూటర్లో ఏదో చూసుకుంటోంది. ఇస్మాయిల్ గారు నన్ను చూసి లేచి నిలబడ్డాడు. నేను చెప్పులు విప్పుతూ ఉండగానే నా వెనక నుంచి ఒక అమ్మాయి వచ్చి, నేరుగా ఆయన గద్దె ముందు కూర్చుంది. పాతికేళ్ళుంటాయేమో. భుజాన బ్యాగు, నెత్తి మీదికి తోసుకున్న కళ్ళజోడు.

"ఐ వాంట్ ఎ సిల్క్ శారీ ఫర్ మై మదర్," అంది.

ఇస్మాయిల్ గారు ఒక్క క్షణం నా వైపు చూశాడు. నేను పక్క గద్దె ముందు కూర్చుని, నాకేం పట్టనట్టు ఒక చీర మడత విప్పుతున్నాను. ఇన్నేళ్ళలో ఏ స్టూడెంట్ పరీక్షకీ నాకంత కంగారు పుట్టలేదు.

ఆయన మొదలుపెట్టాడు. చీర మీద చీర పరుస్తూ, ఒక్కొక్కదాని గురించీ చెప్తూ పోయాడు. ఈ రంగు పెద్దవాళ్ళకి సూట్ అవుతుందన్నాడు. ఈ బ్లౌజు మ్యాచ్ అవుతుందన్నాడు. ఫాల్ బై ఫ్రైడే, ఆఫర్ టిల్ సండే. ఒక్క మాట తడబడలేదు. నాకు లేచి చప్పట్లు కొట్టాలనిపించింది.

"డూ యూ హావ్ దిస్ ఇన్ గ్రీన్?" అంది ఆ అమ్మాయి.

"లుక్ ఎట్ దిస్ వన్, మేడమ్," అని నీలం చీర పరిచాడు.

నేను కళ్ళు మూసుకున్నాను. తెరిచేసరికి క్యాష్ కౌంటర్ దగ్గర సింధు కంప్యూటర్ వదిలేసి ఇటే చూస్తోంది. 

ఆ అమ్మాయి నీలం చీర పక్కకి నెట్టి, అప్పటికి గుట్టగా పడివున్న చీరల్లోంచి ఒక మెరూన్ రంగు చీర లాగింది. పెద్ద జరీ అంచు. అది ఆయన చూపించింది కాదు, అడుగున వేరే వరస లోంచి వాటిలో కలిసిపోయింది. చూడటానికి అసలు పట్టులాగే ఉంది. భుజం మీద వేసుకుని అద్దంలో చూసుకుంది. మొహం విప్పారింది. ధర చీటీ చూసి ఇంకా సంతోషపడింది, ఆషాఢం తగ్గింపు వల్ల అంత తక్కువకి వస్తోందనుకుంది కాబోలు.

"ఐ లవ్ ఇట్. ఐ విల్ టేక్ దిస్. ఇట్స్ ప్యూర్ సిల్క్, రైట్?"

నేను పట్టు చూసి పోల్చుకునేంతదాన్ని కాదు. కానీ ఇస్మాయిల్ గారి చెయ్యి ఆ చీర కొంగు మీద ఆగిపోవడం చూశాను. బేరం అయిపోయింది. ఒక్కసారి తల ఊపితే చాలు, నోరు కూడా విప్పక్కర్లేదు. బోణీ అయిపోతుంది, పరీక్షా అయిపోతుంది. పక్క సేల్స్‌మన్ అప్పుడే సంచీ తీశాడు.

"నో," అన్నాడు ఇస్మాయిల్ గారు.

గట్టిగా అనలేదు. కానీ కొట్లో అందరికీ వినిపించింది. పక్క సేల్స్‌మన్ సంచీ పట్టుకుని అలాగే ఉండిపోయాడు.

"నో, మేడమ్. నాట్ ప్యూర్. దిస్ సైడ్ సిల్క్," అని పడుగు మీద, అంటే నిలువు పోగు మీద, వేలుతో గీత గీశాడు. "దిస్ సైడ్, నాట్ సిల్క్. ఇట్ సూట్స్ యువర్ మదర్. బట్ నాట్ ప్యూర్."

ఆ అమ్మాయి చీర భుజం మీంచి తీసి పెట్టేసింది. థాంక్స్ అంది. మళ్ళీ వస్తానంది. చెప్పులేసుకుని వెళ్ళిపోయింది. బోణీ బేరం గుమ్మం దాటిపోయింది. అదీ 'నో' అన్న మాటతో. ఇస్మాయిల్ గారు ఆ మెరూన్ చీరని మడతలు చెదరకుండా మడిచి, దాని వరసలో దాన్ని పెట్టాడు. సింధు లేచి వచ్చి ఆయన ముందు నిలబడింది.

"వెళ్ళిపోయినట్టుంది కదండీ," అంది.

"వెళ్ళిందమ్మా," అన్నాడు.

ఆమె వెనక్కి వెళ్ళి కూర్చుంది. నాకు అందరి మీదా కోపం వచ్చింది. ఆ అమ్మాయి మీద, సింధు మీద, ఇంగ్లీషు మీద కూడా. నేను ఆయన ముందుకి జరిగి, చేతికందిన చీర తీసి, "ఇది ఇచ్చేయండి, నేను చేస్తాను మీ బోణీ" అన్నాను.

"జాలితో బోణీ వద్దు మేడమ్," అన్నాడాయన నవ్వుతూ. "అది మీకు నప్పదు కూడా. కూర్చోండి, మంచిది చూపిస్తాను."

బోణీ నాదే అయింది. కానీ నేను పట్టుకున్న చీర కాదు, ఆయన చూపించిన చీర. మా చెల్లెలి కూతురు ఇప్పటికీ దాన్ని దాచుకుని కట్టుకుంటుంది.

ఆ సాయంత్రం ఆయన క్లాసుకి వస్తాడనుకోలేదు. వచ్చాడు. స్రవంతి పక్క కుర్చీ ఖాళీగా ఉన్నా వెనక వరసలో కూర్చున్నాడు. పిల్లలకి అప్పటికే తెలిసిపోయింది, నేనే ఉండబట్టలేక చెప్పేశాను.

"అంకుల్, తల ఊపేసి ఉండాల్సింది," అంది స్రవంతి. ఆ పిల్ల కళ్ళల్లో నీళ్ళున్నాయి. "ఇన్నాళ్ళూ పచ్చ చీర లేదనలేదు, అక్కడ మాత్రం ఎందుకన్నారు?"

"లేని సరుకు లేదని చెప్పకపోతే ఎవరికీ నష్టం లేదమ్మా. ఇంకోటి చూపిస్తాను, నచ్చితే కొంటారు. పట్టు కానిదాన్ని పట్టు అంటే నష్టం. ఆ అమ్మాయి ఇంటికెళ్ళి వాళ్ళమ్మకి చెప్తుంది, ప్యూర్ సిల్క్ తెచ్చానని. ఆవిడ కట్టుకుని పదిమందికి చెప్తుంది. అంతమంది చేత అబద్ధం ఆడించాలి కదా నేను."

నేను చాక్‌పీసు పట్టుకుని బోర్డు వైపు తిరిగాను. మొహం కనబడకుండా ఉండటానికి అంతకన్నా మంచి చోటు టీచరుకి ఉండదు.

"మరి కౌంటర్ సంగతేంటి అంకుల్? ఇస్తారంటారా?" అంది స్రవంతి.

ఆయన ఇంగ్లీషులో, ఒక్కొక్క మాటే పేర్చుకుంటూ చెప్పాడు. "ఐ యామ్ నాట్ ఎక్స్‌పెక్టింగ్. బట్ ఐ యామ్ హోపింగ్."

ఇన్నేళ్ళుగా ఆ రెండు మాటల తేడా చెప్తున్నాను. అంతమంది పిల్లల్లో ఎవరూ వాటిని అంత సరిగ్గా వాడగా నేను వినలేదు. ఆ వాక్యాన్ని అలాగే బోర్డు మీద రాశాను.

వారం తర్వాత సింధు నా క్లాసు మెట్లెక్కి వచ్చింది. షోరూమ్‌లో మిగతా సేల్స్‌మన్లకి పాఠాలు చెప్తారా అని అడగడానికి వచ్చిందట. నేను కూర్చోమని కూడా అనకుండా, ఇస్మాయిల్ గారి సంగతి ఏం చేశారని అడిగాను. నా మొహం చూసి ఆవిడే కుర్చీ లాక్కుని కూర్చుంది.

"ఆ రోజు వచ్చిన అమ్మాయి నా ఫ్రెండేనండీ. మేం పెట్టిన పరీక్షే అది," అంది. "పచ్చ చీర ఉందా అంటే జవాబు చెప్పలేదని రాత్రి ఫోన్ చేసి ఒకటే నవ్వు. అది మా కొట్టు పద్ధతిలే అని చెప్పాను. నేను పుట్టినప్పటి నుంచి వింటున్నదే కదా. సూటిగా చెప్పాలని రూలు పెట్టింది నేనే గానీ, మెరూన్ చీర అడుగుతుందని నాకూ తెలీదు. అది మా పరీక్షలో లేదు, దానికి నిజంగానే నచ్చి తీసింది. ఆయన తల ఊపితే కొనేసేది."

"అయితే?"

"పచ్చ రంగు సంగతి ఆయన చెప్పకపోయినా ఫర్వాలేదండీ. పట్టు సంగతి చెప్పాడు. పై ఫ్లోర్‌లో పట్టు సెక్షన్ ఆయనకే ఇచ్చాం. పొద్దున్నే చెప్పాను, మీకింకా చెప్పలేదా?"

చెప్పలేదు. ఆ సాయంత్రం వచ్చి చెప్పాడు, అదీ అందరికీ కింద హోటల్ నుంచి మైసూర్ బజ్జీలు తెప్పించి పెట్టాక, చివర్లో, ఏదో చిన్న విషయం చెప్పినట్టు. స్రవంతి అరిచిన అరుపుకి హోటల్ వాళ్ళు పైకి పరుగెత్తుకొచ్చారు.

ఆయన తర్వాత నా క్లాసులో ఒక మార్పు జరిగింది. 'నో' అన్న మాటని మొదటి రోజు తేలిగ్గా చెప్పేసి ముందుకెళ్ళిపోయేదాన్ని. ఇప్పుడలా చెప్పట్లేదు. జంట పదాలన్నీ అయ్యాక, ఆఖరి వారంలో చెప్తాను. అది ఎక్కడ మింగేయొచ్చో, ఎక్కడ మింగకూడదో కూడా చెప్తాను. అది ఏ పుస్తకంలోనూ ఉండదు కాబట్టి ఇస్మాయిల్ గారి కథే చెప్తాను.

మొన్న శ్రావణంలో ఆ షోరూమ్‌కి వెళ్ళాను. పొద్దున్నే వెళ్ళాను, బోణీ వేళకి. ఆయన గడ్డం ఇంకాస్త నెరిసింది. చుట్టూ గాజు అద్దాలు, ఏసీ. ఆయన మాత్రం పట్టుబట్టి తెల్ల పరుపు వేయించుకున్నాడు. ముందు కూర్చున్న ఇద్దరు అమ్మాయిలకి ఇంగ్లీషులో ఏదో చెప్పి నవ్విస్తున్నాడు. వాళ్ళు లేచాక నేను కూర్చున్నాను. ఒక మామిడి పిందెల అంచు చీర నచ్చింది.

"డూ యూ హావ్ దిస్ ఇన్ గ్రీన్?" అని అడిగాను, కావాలనే.

ఇస్మాయిల్ గారు నా కళ్ళలోకి చూశాడు. గడ్డంలో నవ్వు దాచుకుని, వెనక్కి తిరిగి, బీరువా లోంచి ఒక చీర తీసి నా ముందు పరిచాడు.

"లుక్ ఎట్ దిస్ వన్, అమ్మా," అన్నాడు.

నీలం చీరతో ఇంటికొచ్చాను.